సంక్రాంతి సెలవులు - పిండివంటలు - మన బరువు

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయంటే హాస్టల్లో వారం ముందు నుంచే సంచులు సర్దుకోవడం మొదలవుతుంది. ఇంటి గుమ్మం తొక్కగానే మనందరికీ వినిపించే మొదటి మాట "ఎంత చిక్కిపోయావో!" అన్నదే. ఆ మాట వెంటే అరిసెల డబ్బా మూత తెరుచుకుంటుంది. వారం పది రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి చాలామందికి ప్యాంటు బిగుతవుతుంది. ఇది నవ్వుకునే సంగతే అయినా ఇందులో మనం తెలుసుకోవలసిన శాస్త్రం చాలా ఉంది. చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళతో పాటు ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు కూడా ఇది చదవాలని కోరుతున్నాను.

బరువు ఎందుకు పెరుగుతుంది?

ఆహారం నుంచి వచ్చే శక్తిని కేలరీలలో కొలుస్తారు. 1 గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు, 1 గ్రాము మాంసకృత్తులు 4 కేలరీలు, 1 గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. మనం ఖర్చు చేయగా మిగిలిన శక్తి కొవ్వుగా నిలవ ఉంటుంది. ఉజ్జాయింపుగా 7,700 కేలరీలు మిగిలితే 1 కిలో కొవ్వు చేరుతుంది.

ఇప్పుడు ఒక అరిసె లెక్క చూద్దాం. 20 గ్రాముల బియ్యప్పిండి, 18 గ్రాముల బెల్లం, పీల్చుకున్న నూనె 8 గ్రాములు అనుకుంటే పిండి నుంచి 70, బెల్లం నుంచి 68, నూనె నుంచి 72, మొత్తం సుమారు 210 కేలరీలు. 50 కిలోల బరువున్న మనిషి ఒక గంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 165 కేలరీలే. అంటే ఒక్క అరిసె అరగాలంటే గంటకు పైగా నడవాలి. రోజూ తినే భోజనానికి తోడు రోజుకు రెండు అరిసెల చొప్పున పది రోజులు తింటే 4,200 కేలరీలు మిగులుతాయి. అంటే అరకిలో పైచిలుకు కొవ్వు.

మరి కాటా మీద రెండు కిలోలు ఎందుకు పెరిగినట్లు కనిపిస్తుంది? ఉప్పు, పిండిపదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీటి బరువు మామూలు తిండికి రాగానే కొద్ది రోజుల్లో పోతుంది. కనుక కంగారు పడవద్దు. అయితే కొవ్వు మాత్రం దానంతట అది పోదు.

హాస్టల్లో లేనిది ఇంట్లో ఏముంది?

హాస్టల్లో గంట కొడితేనే భోజనం. మెనూ ప్రకారమే వడ్డన. ఉదయాన్నే లేవడం, కాలేజీకి నడక, సాయంత్రం ఆటలు. ఇంట్లో ఆలస్యంగా లేవడం, టీవీ, సెల్‌ఫోను, చేతికందే చోట జంతికల డబ్బా. తిండి పెరిగి, కదలిక తగ్గుతుంది. చుట్టాలొస్తే తెచ్చే కూల్‌డ్రింకు మరొకటి. 250 మి.లీ. కూల్‌డ్రింకులో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు 25 గ్రాములకు మించకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ ఒక్క సీసాతోనే ఆ లెక్క దాటిపోతుంది.

మన పెద్దలు తినలేదా?

తిన్నారు. కాని పంట చేతికొచ్చిన కొద్ది రోజులే తిన్నారు. మిగతా ఏడాదంతా కోతలు, కుప్పలు, కూలి పనులు, అర్ధాకలి. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, స్వీటు షాపుల్లో ఏడాది పొడవునా పండగే. పైగా మనలో చాలామంది ఇళ్ళలో మొదట డిగ్రీ చదివినవాళ్ళం మనమే. కుర్చీలో కూర్చుని పనిచేసి జీతం తీసుకునే మొదటి తరం కూడా మనమే. కష్టం చేసిన ఒంటికి సరిపోయిన తిండి, కూర్చున్న ఒంటికి ఎక్కువవుతుంది.

సన్నగా ఉంటే భయం లేదా?

2004లో లాన్సెట్ పత్రికలో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోతో ఒక చిన్న వ్యాసం వేశారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒకటే, 22.3. కాని ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూడడానికి సన్నగా ఉన్నా మన భారతీయుల్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన పోషణ తక్కువ కావడం ఇందుకు ఒక కారణమని యాజ్ఞిక్ బృందం చెబుతోంది. అర్ధాకలితో పనికి వెళ్ళిన తల్లుల బిడ్డలం మనం. పెద్దయ్యాక బరువు పెరిగితే మనకు షుగరు వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే మన దేశంలో 25 కాకుండా 23 దాటితేనే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించరాదు.

పండగ బరువు తర్వాత దిగుతుందా?

అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళను పరిశీలించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. నవంబరు నుంచి జనవరి వరకు వచ్చే పండగల్లో వారు సగటున పెరిగింది 0.37 కిలోలే. కాని ఆ కొంచెమూ తర్వాతి నెలల్లో దిగలేదు. పండక్కి కొంచెం చొప్పున ఇరవై ఏళ్ళు కలిపి చూడండి!

ముఖ్య హెచ్చరిక

ఇది చదివి ఎదిగే వయసులో ఉన్నవారు అన్నం మానవద్దు. 18 ఏళ్ళలోపు వారికి పైన చెప్పిన 23 లెక్క వర్తించదు, వారికి వయసును బట్టి వేరే పట్టికలు ఉంటాయి. మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కనుక చెల్లెళ్ళు సన్నబడాలని పూట మానడం మంచిది కాదు. నిజంగా చిక్కిపోయి ఉన్నవారు సెలవుల్లో ఒక కిలో పెరిగితే సంతోషించాలి.

పాటించవలసినవి

1. పిండివంటలు మానవద్దు. అమ్మ నూనె, బెల్లం ఎంత కష్టపడి కొన్నదో మనకు తెలుసు. భోజనం తర్వాత ఒకటి, రెండు ప్లేటులో పెట్టుకుని తినండి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని టీవీ చూడవద్దు.

2. ముందు పప్పు, కూర, గుడ్డు తినండి. మాంసకృత్తులు, పీచు కడుపు నింపితే చిరుతిండి తగ్గుతుంది. కనుమ నాడు మాంసం తింటే ఆ పూట గారెలు తగ్గించండి.

3. కూల్‌డ్రింకు బదులు మజ్జిగ తాగండి.

4. హాస్టలు వేళల ప్రకారమే లేవండి, తినండి. రోజూ గంటసేపు కబడ్డీ, క్రికెట్, లేదా పొలం దాకా నడక. ఇంటిపని, నీళ్ళు మోయడం అమ్మకు, చెల్లికే వదలకండి. అదీ వ్యాయామమే.

5. మిగిలిన అరిసెలు, సకినాలు హాస్టలుకు తెచ్చి రూములో అందరికీ పంచండి. పండక్కి ఇంటికి వెళ్ళలేని మిత్రునికి ముందు పెట్టండి. పదిమంది తింటే ఎవరికీ బరువు కాదు.

6. ఉద్యోగాల్లో ఉన్నవారు పండక్కి ముందు, తర్వాత నడుము కొలుచుకోండి. 30 ఏళ్ళు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ పరీక్ష చేయించుకోండి.

మన తల్లిదండ్రులు కూలి చేసి మనల్ని చదివించారు. ఆ చదువుకు ఫలితం అందుకునే వయసులో మనం మందుల షాపు చుట్టూ తిరగకూడదు. పండగను తృప్తిగా చేసుకుందాం, ఆరోగ్యంగా తిరిగి వచ్చి చదువుకుందాం.