ఇంధన ధరలు – బస్తర్ సౌరబాట

ముడిచమురు అందరికీ ఒకే ప్రపంచ మార్కెట్లో దొరికినా, బంకు ధర దేశానికో తీరు. పన్నులు, రాయితీలే ఇందుకు ప్రధాన కారణం.

● నార్వే చమురు ఎగుమతిదారే. అధిక పన్నులతో అక్కడ పెట్రోలు ప్రియం. కువైట్‌లో రాయితీతో చౌక.

● భారత్‌లో ధరల నియంత్రణ తొలగింపు: పెట్రోలు 2010 జూన్, డీజిల్ 2014 అక్టోబరు. రోజువారీ సవరణ: 2017 జూన్ 16 నుంచి. పెట్రోలు, డీజిల్ రెండూ జీఎస్టీకి వెలుపలే. కేంద్ర ఎక్సైజ్ సుంకం, రాష్ట్ర వ్యాట్ వర్తిస్తాయి.

● డీజిల్‌కు ప్రత్యామ్నాయంగా సౌరశక్తి – ఛత్తీస్‌గఢ్ సౌర్ సుజల యోజన: 2016 నవంబరు 1న నయా రాయ్‌పూర్‌లో ప్రధాని మోదీ ప్రారంభించారు. రైతులకు రాయితీపై 3, 5 హెచ్‌పీ సౌర పంపులు. అమలు సంస్థ: రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా.

● అదే రాష్ట్రంలోని బస్తర్: కరెంటు తీగలు లాగడం కష్టమైన అటవీ గ్రామాల్లో సౌర దీపాలు, తాగునీటి పంపులు. డీజిల్ మోసుకెళ్లే ఖర్చు తప్పించే ఈ వెలుగు ఆదివాసీల హక్కు.