తలలూపే మీటింగు

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో తరచూ వినపడే మాట ఇది: “క్లయింటుకు ఇరవయ్యో తారీఖని చెప్పేశాను. అందరికీ ఓకేనా?” ఒక తల ఊగుతుంది. దాన్ని చూసి ఇంకో తల. టెస్టింగ్ చూసే అమ్మాయికి ఆ తారీఖు కుదరదని తెలుసు, డేటాబేస్ చూసే అతనికీ తెలుసు. ఇద్దరూ ల్యాప్‌టాప్‌లలోకి చూస్తూ కూర్చుంటారు. కాసేపటికి కింద టీ కొట్టు దగ్గర అసలు మీటింగు మొదలవుతుంది.

“లోడ్ టెస్టే మొదలుపెట్టలే, ఇరవైకి ఎట్లయితదన్నా?”

“మరి అక్కడే చెప్పొచ్చుగా?”

“నువ్వు చెప్తవనుకున్న.”

మౌనం అర్ధాంగీకారమనే లెక్క పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో, రిలీజు తారీఖు దగ్గర చెల్లదు. అలాగని ఆ ఇద్దరినీ పిరికివాళ్లని తీసిపారేయడం న్యాయం కాదు. అమెరికాలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో విద్యార్థులకు ఒక గీతను, పక్కన ఇంకొన్ని గీతలను చూపించి, వాటిలో మొదటి గీతకు సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చెప్పేస్తారు. కానీ గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లు. వరసగా ఒకే తప్పు జవాబు చెబుతూ వచ్చారు. అలా పరీక్షకు కూర్చున్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే సరేనన్నారు. కళ్లెదుట కనపడే గీతకే ఇలా ఉంటే, అప్రైజల్ రాసే మేనేజరు చెప్పిన తారీఖు సంగతి చెప్పాలా?

మనకు పనికొచ్చే ముక్క కూడా ఆ ప్రయోగంలోనే ఉంది. గదిలో ఇంకొక్కరు సరైన జవాబు చెప్పినప్పుడు గుంపులో గోవిందా కొట్టడం బాగా తగ్గిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా తగ్గింది. అంటే గది మొత్తాన్ని మీ వైపు తిప్పుకోనక్కర్లేదు, ఒక్క తోడు దొరికితే చాలు.

కాబట్టి టీ కొట్టు దగ్గరి మాటను మీటింగుకు ముందుకు జరపండి. తారీఖు మీద చర్చ ఉందని తెలిసినప్పుడు డేటాబేస్ అతని దగ్గరికెళ్లి, “లోడ్ టెస్టుకు నాకు ఐదు రోజులు కావాలి, నీ పనికెన్ని?” అని అడగండి. లోపల మీరు నోరు తెరిచాక అతను “అవును సార్, నా వైపు మైగ్రేషన్ కూడా ఉంది” అన్నాడంటే ఆ తారీఖు మళ్లీ చర్చకొస్తుంది. చెప్పే తీరు కూడా చూసుకోవాలి. “ఇరవైకి అసాధ్యం సార్” అంటే నలుగురి ముందూ మేనేజరు మాట కొట్టేసినట్టు, ఆయన పంతానికి పోతారు. “ఇరవైకే ఇవ్వాలంటే రిపోర్టుల మాడ్యూల్ తర్వాత ఇద్దామా సార్, లేక లోడ్ టెస్టు తగ్గిద్దామా?” అంటే ఆలోచిస్తారు. అదీ మొదట్లోనే అడగాలి. నలుగురూ సరేనన్నాక అడిగితే ఆ నలుగురి మీదా ఫిర్యాదు చేసినట్టుంటుంది.

ఒక్కోసారి పైన అంతా ఖాయమైపోయి, మర్యాదకు అడుగుతున్నారని ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. అక్కడ వాదించి లాభం లేదు. తర్వాత విడిగా కలవండి. ఏ పని మిగిలింది, ఎన్ని రోజులు పడుతుంది అని రెండు వాక్యాల మెయిల్ సాయంత్రంలోగా పెట్టండి.

రాసి ఊరుకోవద్దు, పంపండి. కల్పనా చావ్లా వెళ్లిన కొలంబియా నౌక 2003 జనవరి 16న పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. రెక్కను ఫొటోలు తీయించాలని నాసా ఇంజనీర్లు అడిగారు, పైవాళ్లు ఒప్పుకోలేదు. అది తప్పని ఒక ఇంజనీరు ఘాటుగా మెయిల్ రాశాడు, ప్రింటు తీసి తోటివాళ్లకు చూపించాడు, పైకి మాత్రం పంపలేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైంది, ఏడుగురూ పోయారు. ఆ మెయిల్ వెళ్లి ఉంటే వాళ్లు దక్కేవారని ఎవరూ చెప్పలేరు. కానీ దర్యాప్తు బోర్డు నురుగు ముక్క దగ్గర ఆగలేదు, నాసాలో పని జరిగే పద్ధతిని కూడా ప్రమాద కారణాల్లో చేర్చింది.

మీరే టీమ్ లీడ్ అయితే పని ఇంకా సులువు, ఎవరు ముందు మాట్లాడాలన్నది మీ చేతిలోనే ఉంది కదా. తారీఖు ముందుగా మీ నోట రానివ్వకండి. ఎవరి పనికి ఎన్ని రోజులో చీటీ మీదో, చాట్‌లో మీకు విడిగానో రాయమని, అన్నీ వచ్చాక చదవండి. మాట్లాడించాల్సి వస్తే అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టండి. మొదటిసారి కాదన్న మనిషిని మీరేమన్నారో అందరూ గమనిస్తారు. “నీకెప్పుడూ అనుమానాలేనమ్మా” అని నవ్వుతూ అన్నా సరే, ఇక చాన్నాళ్లు ఆ గదిలో ఇంకో ప్రశ్న వినపడదు.

ఈ మౌనానికి మందంటూ కొన్ని కంపెనీలు టీమ్‌ను ఊరవతల రిసార్టుకు తీసుకెళ్లి తాడు లాగిస్తాయి. సరదా సరే గానీ, తాడు చెప్పే కథ వేరు. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు వందేళ్ల కిందటే ఈ లెక్క తీశాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరు పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పటి దానిలో సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఇందుకు కొంత కారణం. అదొక్కటే కాదు. 1974లో ఇంకొందరు పరిశోధకులు మనిషి కళ్లకు గంతలు కట్టి, వెనక ఇంకొందరు కూడా లాగుతున్నారని నమ్మించారు. నిజానికి లాగుతున్నది అతనొక్కడే. అయినా బలం తగ్గించేశాడు.

పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో “ఎవరైనా సర్వర్ లాగ్స్ పంపండి ప్లీజ్” అని పెడితే ఆరు బొటనవేళ్లు లేస్తాయి, లాగ్స్ మాత్రం రావు. పేరు పెట్టి అడిగితే నొచ్చుకుంటారేమోనని మొహమాటపడతాం. “రవిగారూ, గురువారం నాలుగింటికల్లా లాగ్స్ పంపగలరా? వీలుకాకపోతే సునీతగారిని అడుగుతాను” అని పెట్టి చూడండి. కుదరకపోతే ఆయన అప్పుడే చెబుతారు, గురువారం దాకా ఎదురుచూడక్కర్లేదు.