ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు నోడ్‌లు

కంప్యూటర్ నేర్చుకుంటున్న మన పిల్లలకూ, వారిని కష్టపడి చదివిస్తున్న తల్లిదండ్రులకూ ఈ నాలుగు మాటలు.

పోయిన వేసవిలో మన సంఘం ల్యాప్‌టాప్‌ను ఇద్దరు పిల్లలు వంతులవారీగా వాడుకున్నారు. డిగ్రీ అమ్మాయి తన ప్రాజెక్టును నోడ్ 16 మీద చేసుకుంది. ఇంజనీరింగ్ అబ్బాయి తన పని కోసం ఆ పాతది తీసేసి కొత్త నోడ్ వేశాడు. మర్నాడు అమ్మాయి ప్రాజెక్టు నడపబోతే తెర నిండా ఎర్రర్లే. కాలేజీలో చూపించడానికి రెండు రోజులే గడువు. "మాస్టారూ, నా పనంతా పోయిందండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజానికి ఏమీ పోలేదు. అబ్బాయి తప్పూ లేదు. ఇద్దరికీ ముందే చెప్పవలసిన పాఠం నేను చెప్పలేదు. అదే ఇప్పుడు చెబుతున్నాను.

నోడ్ అంటే ఏమిటి?

జావాస్క్రిప్ట్ 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ బ్రౌజర్ కోసం తయారుచేసిన భాష. 2009లో ర్యాన్ డాల్, గూగుల్ క్రోమ్‌లోని వీ8 ఇంజనును తీసుకుని, బ్రౌజర్ లేకుండానే ఆ భాషను నడిపే నోడ్‌ను రూపొందించాడు.

నోడ్‌కు కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. వాటిలో 16, 18, 20, 22 వంటివి ఎక్కువకాలం మరమ్మతులు అందేవి. వీటిని ఎల్‌టీఎస్ అంటారు. వీటికి రసాయన మూలకాల పేర్లు పెట్టారు: 16 గాలియం, 18 హైడ్రోజన్, 20 ఐరన్. ఆంగ్ల అక్షరక్రమం గమనించారా?

మరి ప్రాజెక్టు ఎందుకు ఆగింది? 17వ వెర్షన్ నుంచి నోడ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 చేరింది. పాత వెబ్‌ప్యాక్ వాడే ఒక పాత లెక్కింపు పద్ధతిని అది ఒప్పుకోదు. అందుకే ఆ ఎర్రర్లు.

పరిష్కారం: ఎన్‌వీఎం

మన కొత్తవలస జంక్షన్ చూడండి. ఒక దారి విజయనగరం వైపు, మరో దారి అరకు మీదుగా కిరండూల్ వైపు. ఒక లైను కోసం మరో లైను పీకేయరు, పాయింట్లు మారుస్తారు. నోడ్ వెర్షన్లకు ఆ పాయింట్లే ఎన్‌వీఎం. మన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు కాబట్టి ఆ పద్ధతి చెబుతాను. ఆదేశాలన్నీ ఆంగ్లంలో చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

1. గిట్‌హబ్‌లో ఎన్‌వీఎం అధికారిక పేజీలో ఉన్న ఇన్‌స్టాల్ లైనును కాపీ చేసి టెర్మినల్‌లో నడపండి. తరువాత టెర్మినల్ మూసి మళ్ళీ తెరవండి. కొత్త అమరికను అది తెరుచుకునేటప్పుడే చదువుతుంది.

2. 'ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ 22' అని కొట్టండి. తరువాత 'ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ 16'. రెండూ మీ సొంత ఫోల్డరులోనే చేరతాయి. 'సుడో' అవసరం లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగనక్కరలేదు.

3. 'ఎన్‌వీఎం యూజ్ 16' అంటే ఆ టెర్మినల్‌లో మాత్రమే 16 నడుస్తుంది. 'నోడ్ -వీ' కొట్టి సరిచూసుకోండి.

4. 'ఎన్‌వీఎం ఎలియాస్ డిఫాల్ట్ 22' అంటే ఇకపై తెరిచే ప్రతి టెర్మినల్‌లో 22 ఉంటుంది.

5. ప్రాజెక్టు ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే '.ఎన్‌వీఎంఆర్‌సీ' అనే ఫైలు పెట్టి, అందులో 16 అని రాయండి. అక్కడ 'ఎన్‌వీఎం యూజ్' అంటే చాలు, అంకె అదే చదువుకుంటుంది.

ఒక జాగ్రత్త: ఎన్‌పీఎంతో గ్లోబల్‌గా వేసుకున్న ప్యాకేజీలు ఒక్కో వెర్షనుకు విడివిడిగా ఉంటాయి. వెర్షన్ మార్చగానే అవి కనబడకపోతే కంగారు పడకండి. విండోస్ వాడేవారికి ఉన్నది వేరే ప్రోగ్రాము. దాన్ని వేసేముందు పాత నోడ్‌ను తీసేయాలి.

ఆ సాయంత్రమే 16 మళ్ళీ వేశాం. అమ్మాయి ప్రాజెక్టు నడిచింది, గడువుకు చూపించింది. పక్కనే అబ్బాయి 22తో తన పని చేసుకున్నాడు. అయితే 16కు మరమ్మతులు 2023 సెప్టెంబరులోనే ఆగిపోయాయి. అది గండం దాటడానికే తప్ప కాపురానికి కాదు. వీలు చూసుకుని ప్రాజెక్టును కొత్త వెర్షనుకు మార్చుకోమని ఆమెకు చెప్పాను.

పిల్లలారా, సంఘం ల్యాప్‌టాప్ మన చేతిలో అమానత్. మన పని పూర్తి చేసుకోవడం ఒక్కటే చాలదు. మన తరువాత కూర్చునేవారి పని చెడకుండా లేవడం కూడా చదువే.