రెండు కేసుల మధ్య గ్రాస్పర్

ఈరోజు లిస్టులో మూడు లాప్ గాల్‌బ్లాడర్లు, ఒక ఓపెన్ హెర్నియా ఉన్నాయి. లాపరోస్కోపీ సెట్లు మాత్రం రెండే. మొదటి కేసు పదిన్నరకు ముగిసింది. మూడో గాల్‌బ్లాడర్‌కి ఈ సెట్టే తిరిగి రావాలి. ‘త్వరగా కడిగి పంపండి’ అని ఓటీ నుంచి ఫోను వస్తుంది. మీరు టెక్నీషియన్ అయినా, స్క్రబ్ నర్స్ అయినా, సీఎస్ఎస్‌డీలో ఉన్నా ఆ మాట మీరు వినాల్సిందే. సర్జన్‌కి లిస్టు ఆగకూడదు, యాజమాన్యానికి టర్నోవర్ కావాలి. ఈ ఒత్తిడి ఎప్పుడూ ఉండేదే. అందులో ఏ పని వదలకూడదో తెలిసుండటమే మన ఉద్యోగం.

మళ్లీ మళ్లీ వాడే గ్రాస్పర్ సాధారణంగా 5 మి.మీ. లావుంటుంది. దవడలు, వాటిని కదిపే లోపలి రాడ్డు, ఇన్సులేషన్ తొడుగున్న షాఫ్ట్, హ్యాండిల్ దాని భాగాలు. రక్తం, కొవ్వు దవడల కీలు గుండా షాఫ్ట్ లోపలికి చేరతాయి. పైకి మెరుస్తున్నా లోపల మురికి మిగిలితే ఆటోక్లేవ్ ఆవిరి దాని కిందికి పోదు. అందుకే శుభ్రంగా కడగనిది స్టెరైల్ కాదు.

శుభ్రం చేయడం కేసు నడుస్తుండగానే మొదలవ్వాలి. స్క్రబ్ నర్స్ దవడలను స్టెరైల్ వాటర్‌తో తడిపిన గాజ్ గుడ్డతో తుడుస్తూ ఉండాలి. సెలైన్ వాడొద్దు. అందులోని క్లోరైడ్ స్టీలు మీద సన్నని గుంటలు చేస్తుంది. బ్లీచ్ ద్రావణంతోనూ అదే నష్టం. కేసయ్యాక రక్తం ఎండనివ్వకుండా తడిగుడ్డ కప్పి పంపండి. ముందు చల్లటి నీళ్లతోనే కడగండి, వేడినీళ్లు తగిలితే రక్తం గడ్డకట్టి పట్టుకుంటుంది.

తర్వాత విడదీయగల భాగాలన్నీ విడదీయండి. ఎంజైమ్ ద్రావణంలో డబ్బా మీద రాసినంత సేపు నాననివ్వండి. నీటి లోపలే బ్రష్ చేయండి, లేకపోతే తుంపరలు మీ కళ్లలో పడతాయి. ఫ్లష్ పోర్టులోంచి సిరంజితో నీళ్లు కొట్టి, బయటికి తేటగా వచ్చేదాకా ఆపొద్దు. అల్ట్రాసోనిక్‌లో పెట్టేటప్పుడు దవడలు తెరిచి ఉండాలి. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. చివరిసారి ఆర్‌ఓ నీళ్లతో కడగకపోతే ఆటోక్లేవ్ అయ్యాక తెల్లమచ్చలు తేలతాయి. కీలు బిగుసుకుంటే నీళ్లలో కలిసే ఇన్‌స్ట్రుమెంట్ లూబ్రికెంటే వాడండి. కుట్టుమిషన్ నూనె రాస్తే ఆ పొర ఆవిరిని ఆపేస్తుంది.

ప్యాక్ చేసే ముందు నాలుగు పరీక్షలు. దవడల కొనలు సమంగా కలుస్తున్నాయా? ర్యాచెట్ పట్టు నిలుస్తోందా? ఆర్టరీ ఫోర్సెప్స్ అయితే మొదటి పన్ను మీద మూసి అరచేతిలో తట్టండి, తెరుచుకుంటే రిపేరుకే. స్క్రూలు, పిన్నులు అన్నీ ఉన్నాయా? చివరగా ఇన్సులేషన్‌ని భూతద్దంతో, టెస్టర్‌తో చూడండి. సూదిమొనంత చిల్లున్నా కాటరీ కరెంటు కెమెరాకి కనపడని చోట పేగును కాల్చవచ్చు. ఆ గాయం కొన్ని రోజుల తర్వాత పేగుకి రంధ్రం పడ్డాకే బయటపడవచ్చు. మేరీల్యాండ్ డిసెక్టర్‌తో సూదిని లాగడం, గ్రాస్పర్‌ని పట్టకారులా వాడటం దవడలను వంచేస్తాయి. ఎవరు చేసినా మర్యాదగా చెప్పండి, నీడిల్ హోల్డర్ చేతికివ్వండి.

ఇక అందరూ వెతికే దగ్గరిదారి గ్లూటరాల్డిహైడ్ ట్రే. 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు ముంచితే జరిగేది డిసిన్ఫెక్షన్ మాత్రమే. స్టెరిలైజ్ కావాలంటే దాదాపు 10 గంటలు పడుతుంది. అలా ముంచి తీసి కుళాయి నీళ్లతో కడిగితే నీటిలో బతికే మైకోబాక్టీరియా మళ్లీ పరికరం మీదికి చేరవచ్చు. పేషెంటు బాగానే ఇంటికి వెళ్తాడు. వారాల తర్వాత పోర్టు చోట గడ్డ కట్టి చీము కారుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగదు, నెలల తరబడి మందులు వాడాలి. మన దేశంలో లాపరోస్కోపీ తర్వాత ఇలాంటి ఇన్ఫెక్షన్లు చాలానే నమోదయ్యాయి.

సరైన దారికి పట్టే సమయం లెక్కేద్దాం. కడగడానికి, పరీక్షకి ముప్పావుగంట. 134 డిగ్రీల ప్రీ-వాక్యూమ్ సైకిల్లో అసలు ఎక్స్‌పోజర్ 3, 4 నిమిషాలే అయినా, వేడెక్కడం, ఆరడం కలిపితే గంట దాకా పడుతుంది. చల్లారి ఓటీ చేరడానికి ఇంకో పావుగంట. మొత్తం రెండు గంటలు. తడిగా వచ్చిన ప్యాక్‌ని స్టెరైల్‌గా లెక్కపెట్టకండి, మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

ఈ లెక్క ఫోను వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది. ముందురోజు సాయంత్రం లిస్టు చూడగానే ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెబితే ప్లాన్ అవుతుంది. అనుమానమున్న పరికరాన్ని ‘ఈ ఒక్క కేసుకే’ అని ట్రేలో తిరిగి పెట్టకండి. ట్యాగ్ కట్టి పక్కన పెట్టండి. దాని నంబరు, లోపం, తేదీ, ఎవరికి చెప్పారో రిజిస్టర్‌లో రాయండి. రేపు ప్రశ్న వస్తే మీ తరఫున నిలబడేది ఆ రాతే.

పదిన్నరకి వచ్చిన ఫోనుకి జవాబు ఇలా ఉండాలి: ‘సార్, సెట్టు పన్నెండున్నరకి వస్తుంది. రెండో గాల్‌బ్లాడర్ అవగానే హెర్నియా తీసుకోండి, అది పూర్తయ్యేలోపు సెట్టు మీ టేబుల్ దగ్గరుంటుంది.’