అరకు కొండలపై ఆకాశచిత్రము

విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పుకనుమలలో అరకులోయ కలదు. కార్తీకమాసమున, వానలు వెనుకపట్టిన పిదప, చంద్రుడు లేని రాత్రి తొలిజామున ఉత్తరదిశగా తలయెత్తి చూచినచో దేవయాని నక్షత్రరాశిలో దూదిపింజవంటి వెలుగుమచ్చ యొకటి కనబడును. అది మేఘము కాదు. కోటానుకోట్ల నక్షత్రములుగల వేరొక గెలాక్సీ. దాని కాంతి మనలను చేరుటకు సుమారు 25 లక్షల సంవత్సరములు పట్టును.

1888లో ఐజాక్ రాబర్ట్స్ అను బ్రిటనువాసి దీనిని 20 అంగుళముల దర్పణముగల దూరదర్శినితో ఛాయాచిత్రము తీసెను. అతని వృత్తి గృహనిర్మాణము. ఖగోళశాస్త్రము అభిరుచి మాత్రమే. అయినను ఆ గెలాక్సీలోని సుడులు ఆ చిత్రముననే లోకమునకు స్పష్టముగా గోచరించెను.

దేవయాని గెలాక్సీ చిన్నది కాదు. ఆకాశమున దాని వెడల్పు పూర్ణచంద్రుని వెడల్పునకు సుమారు ఆరురెట్లు. కాని దాని వెలుగు మిక్కిలి పలుచన. కంటికి నడిమిభాగము మాత్రమే కనబడును. కన్ను కాంతిని కూడబెట్టజాలదు, కెమెరా కూడబెట్టగలదు.

అయితే భూభ్రమణముచే నక్షత్రములు గంటకు 15 డిగ్రీలు జరుగుచుండును. కదలక నిలిచిన కెమెరాలో అవి గీతలుగా పడును. అందుచే ధ్రువనక్షత్రమువైపు గురిపెట్టిన ఇరుసుపై కెమెరా నమర్చి, చిన్న మోటారుతో నక్షత్రముల వెంట త్రిప్పుదురు. అరకులో ధ్రువుడు దిగంతమునకు 18 డిగ్రీల యెత్తుననే యుండును గనుక, ఉత్తరమున కొండ అడ్డులేని చోటు వెదకవలెను. రాత్రి ముదిరినకొలది కటకముపై మంచు పట్టును. దానిని వెచ్చగా నుంచవలెను. నిమిష మొకటి రెండు చొప్పున నూరు చిత్రములు తీసి, కంప్యూటరులో నొకటిగా కలుపుదురు. చినుకు చినుకు చేరి చెరువు నిండినట్లు, ఒక్కొక్క చిత్రమున కానరాని సుడులు అప్పుడు పైకి తేలును.

ఇట్టి అభిరుచి ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున స్వంత ఖర్చుతో వేధశాల నెలకొల్పెను. అతని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబముపై శుక్రుడు సాగుట నచ్చట పరిశీలించెను. నేడు నగరదీపముల కాంతి ఆకాశమును కప్పివేయుటచే, మసకతారలను చూడగోరువారు కొండ లెక్కవలసి వచ్చుచున్నది.

కొండలపైకిని దీపములు వచ్చుచున్నవి, రావలసినదే. వానికి పైకప్పు వేసి కాంతిని నేలకు మరల్చినచో దారికి వెలుగును దక్కును, ఆకాశమునకు చీకటియు మిగులును. 25 లక్షల సంవత్సరములు పయనించి వచ్చిన కాంతిని కడపటి గడపలో పోగొట్టుకొనుట వివేకము కాదు.