తోట బొమ్మ, వెనుక రాత

సిరిసిల్ల నుంచి బతుకుదెరువుకు భీవండి పవర్‌లూమ్‌లకు పోయినవాణ్ణి. సెలవు దొరికితే ముంబై చోర్ బజార్‌లో పాత బొమ్మ కార్డులు వెతికేవాణ్ణి. రాతి దీపాలు, వంపు వంతెనలు ఉండే జపాన్ తీరు తోటల కార్డులంటే ప్రాణం. నా వెనుక ఆ దారిన వచ్చే పిల్లలకు ఈ మాటలు.

1. కొనేముందు కార్డు తిప్పి చూడు.
బొమ్మ కంటికి నచ్చుతుంది గానీ వయసు చెప్పేది వెనుక వైపే. జపాన్ కార్డు వెనుక చిరునామాకూ ఉత్తరానికీ నడుమ విభజన గీత లేకుంటే 1907కు ముందుదని అనుకోవచ్చు. గీత మూడో వంతు దగ్గరుంటే 1907–1918 నడుమది, సగానికి వస్తే ఆ తర్వాతది. చిరునామా పక్కనే ఉత్తరం రాసుకోనిచ్చింది ఇంగ్లండ్‌లో 1902 నుంచి, అమెరికాలో 1907 నుంచి.

2. పోగులు లెక్కపెట్టిన కన్ను కాగితానికీ అక్కరకొస్తుంది.
బట్ట నాణ్యం చూసే చిన్న భూతద్దం నా జేబులోనే ఉండేది. చేత్తో రంగులద్దిన పాత జపాన్ కార్డు మీద అది పెడితే సన్నని ముడతల్లాంటి గరుకు కనిపిస్తుంది, రంగు అక్కడక్కడ గీత దాటి ఉంటుంది. అదే బొమ్మలో చుక్కలు బారులు తీరి ఉంటే, అది తర్వాత వేసిన అచ్చు కావచ్చు. ఆ తేడా తెలియక పోగొట్టుకున్న కూలి డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

3. తోటను చూసి ఊరుకోకు, అందులో బతికినవాళ్లను అడుగు.
శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని జపాన్ తేనీటి తోట 1894 ప్రదర్శన కోసం వెలిసింది. దాన్ని పెంచి పోషించినవాడు మకోటో హగివారా. ఆ కుటుంబం తోటలోనే కాపురముండేది. 1942లో యుద్ధం పేరుతో వాళ్లను నిర్బంధ శిబిరాలకు పంపారు. తోట పేరులోంచి జపాన్ మాట తీసేసి ‘ఓరియంటల్’ అని పెట్టారు. పాత పేరు తిరిగొచ్చింది 1952లో. ఇది తెలిశాక ఆ తోట వంతెన కార్డును మునుపటి కళ్లతో చూడలేకపోయాను. లండన్‌లో 1910 జపాన్–బ్రిటిష్ ప్రదర్శన తోటల కార్డులైతే కుప్పలుగా దొరుకుతాయి. వాటిలోనూ నేను ఏరుకునేది వెనుక ఎవరో నాలుగు ముక్కలు రాసి పంపినవే.

4. కార్డుకు నీ సోకులు అద్దకు.
లామినేషన్ చేయించావా, ఇక అది కార్డు కాదు. తపాలా బిళ్ల కోసం మూల కత్తిరించినా అంతే. మూలలు పట్టే కాగితపు ఆల్బమ్, తడి తగలని అర చాలు.

5. ఇంటి ఉత్తరం కూడా కార్డే, బిడ్డా.
సిరిసిల్లలో మా దూలానికి వేలాడే ఇనుప తీగకు భీవండి నుంచి వచ్చిన కార్డులన్నీ గుచ్చి ఉండేవి. ప్రతి కార్డు నడుమ ఒక చిల్లు. పంపిన పైసలు, మగ్గాల బందు, పిల్లల జ్వరం, అన్నీ ఉండేవి వాటిలో. నేను పరాయి దేశపు తోటల వెంట తిరుగుతుండగా, ఇల్లు బాగుచేసేటప్పుడు ఆ తీగ మీది కార్డులన్నీ పొయ్యిలోకి పోయాయి. జగిత్యాల, కోరుట్ల ఇళ్లలో గల్ఫ్ పోయినవాళ్ల ఉత్తరాలు ఇంకా పెట్టెల అడుగున ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే, పాత కాగితాలవాడు తూకం వేయకముందే తపాలా ముద్ర మీద ఊరూ తేదీ చదివి, రాసినవాళ్ల పేరు పెద్దవాళ్లనడిగి ఒక నోటుబుక్కులో ఎక్కించు.