‘లుక్’ పక్కన ఉన్న చిన్న మాట

ప్రొబేషన్ ఇంకా పూర్తికాని రోజుల్లో మా బ్రాంచికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. రోజువారీ వోచర్ల తనిఖీ జరుగుతోందా అన్న ప్రశ్నకు, ఆ పని నాదే కనుక, జవాబు నేనే రాశాను: ‘ఐ హ్యావ్ పర్సనల్లీ ఓవర్‌లుక్డ్ ఆల్ ది వోచర్స్.’ ‘లుక్’ అంటే చూడడం, ‘ఓవర్’ అంటే మొత్తం అనుకున్నాను. అన్నీ స్వయంగా చూశానని నా ఉద్దేశం. ఆ రోజు మేనేజరుగారు సెలవు. కాగితం నేరుగా పై ఆఫీసుకు వెళ్ళిపోయింది.

పది రోజులకు నా పేరు మీద వివరణ కోరుతూ ఉత్తరం వచ్చింది. మేనేజరుగారు క్యాబిన్‌లోకి పిలిచారు.

“వోచర్లు చూశావా, లేదా?”

“ఒక్కొక్కటీ చూశాను సార్.”

“మరి అన్నీ చూడకుండా వదిలేశానని రాసి, కింద సంతకం కూడా పెట్టావేమయ్యా?”

‘ఓవర్‌లుక్’ అంటే చూడాల్సినదాన్ని చూడకుండా దాటేయడం, లేదా చూసీచూడనట్టు ఊరుకోవడం. నేను అనుకున్న అర్థానికి దగ్గరగా ఉండేది ‘లుక్డ్ ఓవర్’. అవే రెండు మాటలు ముందువెనకలైతే పని చేసినవాడు కాస్తా పని ఎగ్గొట్టినవాడవుతాడు. ఆ మాటకొస్తే ‘లుక్ ఓవర్’ కూడా పైపైన ఒకసారి చూడడమే. ‘చెక్డ్’ అని తిన్నగా రాసి ఉంటే గొడవే లేకపోయేది. చివరికి నా ఇంగ్లిష్ తప్పని నేనే రాసివ్వాల్సి వచ్చింది. ప్రతి వోచరు మీదా నా టిక్కు, పొట్టి సంతకం ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

ఈ ‘ఓవర్’ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. విశాఖలో హోటల్ గది ‘ఓవర్‌లుక్స్ ది సీ’ అంటే ఆ గది సముద్రాన్ని పట్టించుకోదని కాదు, పైనుంచి సముద్రం కనిపిస్తుందని. ‘ఓవర్‌సీ’ అంటే పర్యవేక్షించడం. ‘ఓవర్‌సైట్’ మరీ గడుసుది: ‘బోర్డ్ ఓవర్‌సైట్’ అంటే బోర్డు పర్యవేక్షణ, ‘డ్యూ టు ఓవర్‌సైట్’ అంటే పొరపాటున కంటబడకపోవడం. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాల్సిందే.

ఇదంతా ఇంగ్లిష్‌వాళ్ళకే ఉన్న తంటా అనుకోకండి. ‘పాపను చూడు’ అన్నదానికీ ‘పాపను చూసుకో’ అన్నదానికీ ఎంత తేడా! మొదటిదానికి తల తిప్పితే చాలు. రెండోదానికి సాయంత్రం దాకా ఇంట్లో ఉండాలి. ‘కూరలో ఉప్పు చూడు’ అంటే అది నాలుక పని. ‘అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం’ అంటే వెతుకుతున్నామని. మనం క్రియ చివర చేర్చే మాటతోనో సందర్భంతోనో చూపించే తేడాను ఇంగ్లిష్ తరచుగా ఒక చిన్న ప్రిపొజిషన్‌కు అప్పగిస్తుంది. పాపను చూడడం ‘లుక్ ఎట్’, చూసుకోవడం ‘లుక్ ఆఫ్టర్’, సంబంధం వెతకడం ‘లుక్ ఫర్’. అందుకే మా అబ్బాయికి ‘లుక్’ ఒక మాట, ‘లుక్ ఆఫ్టర్’ ఇంకో మాట అని విడివిడిగానే నేర్పాను.

మన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించేది ‘లుక్ ఇంటూ’. ఖాతాలో డబ్బు తగ్గిందని ఫిర్యాదు రాసిన పెద్దాయనకు ‘వి విల్ లుక్ ఎట్ యువర్ కంప్లైంట్’ అని రాస్తే, చూస్తామన్న మాట తప్ప ఆయనకు పెద్దగా ఏమీ దక్కదు. ‘లుక్ ఇంటూ’ అంటే లోపలికి దిగి కారణం కనుక్కుంటామని మాట ఇవ్వడం. ఇచ్చాక దిగాలి మరి.

అదే ఉత్తరం చివర ‘లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ అని రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఇక్కడి ‘టు’ ప్రిపొజిషన్ కాబట్టి దాని తర్వాత నామవాచకం గానీ ‘ఇంగ్’ రూపం గానీ రావాలి. అంటే ‘హియరింగ్ ఫ్రమ్ యు’. అనుమానం వస్తే ఆ చోట ‘యువర్ రిప్లై’ అని పెట్టి చూడండి. సరిగ్గా అమరితే ‘ఇంగ్’ రూపం కూడా అమరుతుంది.

పిల్లలు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేది మరోచోట. నిఘంటువులో మాట వెతకడం ‘లుక్ అప్’. దానికి ‘ఇట్’ చేరిస్తే అది మధ్యలో కూర్చుంటుంది: ‘లుక్ ఇట్ అప్’. ‘లుక్ ఆఫ్టర్’ను మాత్రం అలా విడదీయకూడదు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. ‘లుక్ అప్’కు ‘టు’ తోడైతే గౌరవించడం. ‘లుక్ డౌన్ ఆన్’ మన చిన్నచూపే.

జాతీయాల్లో నాకు బాగా నచ్చింది, బహుమతిగా వచ్చిన గుర్రాన్ని నోట్లోకి చూడొద్దనేది. ఇంగ్లిష్‌లో ‘డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్’. ఇక్కడ ‘లుక్’ తర్వాత ‘ఎట్’ లేదు, చేర్చకూడదు. గుర్రం వయసు పళ్ళను బట్టి తెలుస్తుంది, ఊరికే ఇచ్చినదానికి ఆ లెక్కలెందుకని భావం. మనవాళ్ళు దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టొద్దంటారు. గుర్రం పోయి ఆవు వచ్చిందంతే. తాకట్టుకు వచ్చిన గుర్రం సంగతి వేరు. దాని పళ్ళు లెక్కపెట్టడానికే మనకు జీతం.